కొండెక్కితే ఎంత చల్లబడతాం? ఒక్క రోజు అరకు ప్రయాణం వెనక లెక్క

మే నెల ఆదివారం తెల్లవారుజామున ఐదింటికే పెందుర్తి దగ్గర కార్ల సందడి మొదలవుతుంది. వెనక సీట్లో నిద్రమత్తులో పిల్లలు, డిక్కీలో పులిహోర డబ్బా, ఇరవై లీటర్ల నీళ్ల క్యాను. అందరి లెక్కా ఒకటే. విశాఖలో ఉక్కపోత, అరకులో చల్లదనం, పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేద్దాం.

తిరిగొచ్చాక మాత్రం రెండు పార్టీలు. "అబ్బ, ప్రాణం లేచొచ్చింది" అనేవాళ్లు కొందరు. "ఏముందండీ, అక్కడా ఎండే. ఆ పెట్రోలు డబ్బులతో ఇంట్లో ఏసీ వేసుకుని పడుకుంటే సరిపోయేది" అనేవాళ్లు కొందరు. ఇద్దరూ ఒకే రోజు ఒకే ఊరికి వెళ్లొచ్చినవాళ్లే, ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు. కొండ మీద చల్లదనం అనేది ఒక్క వస్తువు కాదు, నాలుగైదు వేర్వేరు సంగతుల కలగలుపు. ఎవరికి అందులో ఏది దక్కిందన్నదాన్ని బట్టి వాళ్ల మాట ఉంటుంది.

చిప్స్ ప్యాకెట్ ఎందుకు ఉబ్బుతుంది

ఎస్.కోట దాటి ఘాట్ రోడ్డు ఎక్కాక, అనంతగిరి చేరేలోపు కారులో రెండు జరుగుతాయి. చెవులు దిబ్బడ వేస్తాయి. పిల్లల చేతిలో విప్పని చిప్స్ ప్యాకెట్ బెలూన్‌లా ఉబ్బుతుంది. మా ఇంట్లో ప్రతిసారీ ఆ ప్యాకెట్ మీద పందెం: అనంతగిరి లోపు పేలుతుందా, లేదా? ఇప్పటిదాకా ఒక్కటీ పేలలేదు.

మన నెత్తి మీద ఉన్న గాలికి బరువుంది. పైకి వెళ్లేకొద్దీ మన మీదున్న గాలి తగ్గుతుంది కాబట్టి ఒత్తిడీ తగ్గుతుంది. వెయ్యి మీటర్ల ఎత్తుకు వెళ్తే సముద్ర మట్టం కంటే పదకొండు శాతం దాకా తక్కువ. ప్యాకెట్లో బంధించిన విశాఖ గాలికి బయటి నుంచి నొక్కేది తగ్గేసరికి అది వ్యాకోచిస్తుంది.

ప్యాకెట్లో లేని గాలి, అంటే కొండవాలు పట్టుకుని పైకి లేచే గాలి కూడా అలాగే వ్యాకోచిస్తుంది. వ్యాకోచించడానికి శక్తి కావాలి. దాన్ని తనలోని వేడి నుంచే ఖర్చు పెట్టుకుంటుంది, చల్లబడుతుంది. సైకిల్ పంపు కొడుతుంటే గొట్టం వేడెక్కడం అందరికీ తెలుసు, ఇది దానికి తిరగేసిన కథ.

"కొండెక్కితే సూర్యుడికి దగ్గరవుతాం కదా, మరి వేడెక్కాలిగా?" అని పిల్లలు అడుగుతారు, పెద్దలకూ లోపల ఎక్కడో ఆ అనుమానం ఉంటుంది. సూర్యుడు పదిహేను కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. ఒక కిలోమీటరు దగ్గరైతే ఒరిగేదేమీ లేదు. పైగా ఎండ గాలిని నేరుగా వేడి చేసేది చాలా తక్కువ. ఎండకు నేల కాలుతుంది, ఆ నేల తన మీదున్న గాలిని కింద నుంచి వేడెక్కిస్తుంది. పొయ్యి కింద ఉంది, పైన కాదు.

ఈ తగ్గుదలకు సగటు లెక్క ఒకటుంది: వెయ్యి మీటర్లకు 6.5 డిగ్రీల సెల్సియస్. పొడి గాలి పైకి లేస్తే దాదాపు 10 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది, తేమ పట్టి మేఘం కట్టే గాలి అంతకన్నా నెమ్మదిగా. అందుకే 6.5 అనేది రోజూ నిజమయ్యే సంఖ్య కాదు, చేతి లెక్కకు పనికొచ్చే సంఖ్య.

ఎక్కడి నుంచి బయలుదేరామన్నదే సగం లెక్క

ఈ చేతి లెక్కను మనవాళ్లు వెళ్లే చోట్లకు వేసి చూస్తే కొన్ని తమాషాలు బయటపడతాయి.

తిరుపతి సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంది, తిరుమల 850 పైన. తేడా దాదాపు 690 మీటర్లు, అంటే నాలుగున్నర డిగ్రీలు. కింద 42 ఉంటే పైన 37 నుంచి 38. చల్లదనమే, కాదనలేం. కానీ అదే సమయంలో మాడ వీధుల్లో రాతి నేల మీద చెప్పుల్లేకుండా నడిచే భక్తుడికి ఆ నాలుగున్నర డిగ్రీలు ఎక్కడా కనబడవు. అరికాళ్లు కాలకుండా టీటీడీ తివాచీలు పరుస్తుంది, తెల్లటి చలువ రంగు వేయిస్తుంది, నీళ్లు కొట్టిస్తుంది. గాలి చల్లబడటం వేరు, ఎండలో రాయి కాలడం వేరు.

హార్స్‌లీ హిల్స్ 1,265 మీటర్లు. అంకె చూస్తే తిరుమల కంటే చాలా ఎత్తు. కానీ కింద ఉన్న మదనపల్లె కూడా 700 మీటర్ల దగ్గర ఉంది. కాబట్టి మదనపల్లె వాళ్లకు కొండెక్కితే దక్కేది నాలుగు డిగ్రీల లోపే. బెంగళూరు నుంచి వచ్చేవాళ్ల సంగతి ఇంకా విచిత్రం. బెంగళూరే 920 మీటర్లు, అంటే అరకు లోయంత ఎత్తు. వాళ్లు గంటల తరబడి కారు నడిపి సంపాదించేది రెండు డిగ్రీలు. అదే హార్స్‌లీకి నెల్లూరు నుంచి వెళ్తే ఎనిమిది డిగ్రీలు. కొండ ఒకటే, లాభం మాత్రం ఎక్కేవాడి ఊరిని బట్టి.

హైదరాబాద్ వాళ్ల పరిస్థితి అన్నిటికంటే ఇబ్బంది. నగరమే 540 మీటర్ల ఎత్తున్న పీఠభూమి మీద ఉంది. ఘాట్ రోడ్డు మలుపులు చూసి కొండెక్కుతున్నాం అనుకుంటాం కానీ శ్రీశైలం హైదరాబాద్ కంటే ఎత్తేమీ కాదు, కాస్త తక్కువే. వికారాబాద్ అనంతగిరి కూడా నగరం కంటే మరీ ఎత్తేమీ కాదు. అక్కడ దక్కేది చాలావరకు అడవి నీడ. (అరకు దారిలోని అనంతగిరి వేరు, వికారాబాద్ అనంతగిరి వేరు. ఒకదాని ఎత్తు ఇంకోదానికి అంటగట్టడం ఇంటర్నెట్‌లో మామూలైపోయింది.)

శిఖరానికి ఉన్న సుఖం లోయకు లేదు

ఇక్కడ ఒక సహజమైన ప్రశ్న వస్తుంది. ఎత్తుకు చల్లదనం ఉంటే, 540 మీటర్ల ఎత్తున్న హైదరాబాద్ మే నెలలో సముద్ర మట్టంలో ఉన్న విశాఖ కంటే ఎందుకు కాలుతుంది?

పొయ్యి సంగతి గుర్తుంటే జవాబు సులువే. పీఠభూమి అంటే ఎత్తులో పెట్టిన పెద్ద పెనం. కిలోమీటర్ల కొద్దీ పరుచుకున్న నేల ఆ ఎత్తులోనే కాలుతూ ఆ ఎత్తులోని గాలినే వేడెక్కిస్తుంది. ఒంటరి శిఖరం అలా కాదు. అక్కడ కాలడానికి నేల కొంచెమే, చుట్టూ ఉన్నది ఖాళీ ఆకాశపు గాలి. ఆ గాలి శిఖరాన్ని ఒరుసుకుంటూ పోతుంది కాబట్టి నేల అందించిన వేడి నిలవదు.

అరకు ఈ రెంటికీ మధ్యలో ఉంది. 900 మీటర్ల పైచిలుకు ఎత్తే, కానీ పేరులోనే ఉంది కదా, లోయ. చుట్టూ కొండలు, మధ్యలో చదునైన పొలాలు. మధ్యాహ్నం ఆ పొలాల నేల కాలుతుంది, కొండల అడ్డు వల్ల గాలి పెద్దగా కదలదు. మే మధ్యాహ్నం అరకులో ముప్పై దాటడం మామూలే. అరకు చేరేముందు వచ్చే గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర దిగినవాళ్లకు అరకు బస్టాండ్ కంటే హాయిగా ఉండటానికి కారణం ఎత్తు ఒక్కటే కాదు, అది లోయ కాకపోవడం కూడా. పేరు పెట్టినవాళ్లకు సంగతి ముందే తెలుసు.

ఫోన్‌లో వాతావరణం యాప్ చూసి గొడవ పడటం ఇంకో సరదా. ఒక యాప్ 31 అంటుంది, ఇంకోటి 35 అంటుంది. ఆ అంకెలు చాలావరకు అరకులో ఎవరో కొలిచినవి కావు. కంప్యూటర్ నమూనా భూమిని కొన్ని కిలోమీటర్ల గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడికి ఒక సగటు ఎత్తు వేసుకుని లెక్కగట్టినవి. మైదానంలో ఇది బాగానే పనిచేస్తుంది. ఒకే గడిలో శిఖరమూ లోయా రెండూ ఉంటే సగటు ఎవరికీ సరిపోదు.

విశాఖకూ అరకుకూ మధ్య ఎస్.కోట

ఒక మే ఆదివారాన్ని లెక్కలో పెట్టి చూద్దాం. అంకెలు ఉదాహరణకే, అయితే ఆ కాలానికి అసాధారణమైనవేం కావు.

మధ్యాహ్నం రెండు గంటలు. బీచ్ రోడ్డులో సముద్రపు గాలి తగులుతోంది, ఉష్ణోగ్రత 35. లోపలికి వెళ్లేకొద్దీ ఆ గాలి ప్రభావం సన్నగిల్లుతుంది, తూర్పు కనుమల కింద మైదానంలో ఉన్న ఎస్.కోటలో 40. అక్కడి నుంచి దాదాపు 800 మీటర్లు ఎక్కితే అరకు. చేతి లెక్క ప్రకారం ఐదు డిగ్రీలు తగ్గించాలి. నలభైలో ఐదు తీసేస్తే 35.

అంటే బయలుదేరిన విశాఖలో ఎంతో, చేరిన అరకులోనూ అంతే!

ప్రయాణమంతా ఐదు డిగ్రీలు పెరిగి, మళ్లీ ఐదు తగ్గడమే. కొండ మీద చల్లబడ్డాం అన్న భావన ఎస్.కోటతో పోలిస్తే నిజం, ఇంటితో పోలిస్తే కాదు. "అక్కడా ఎండే" అన్న పార్టీ వాదన ఇక్కడ గెలిచినట్టే కనిపిస్తుంది. అదే ఎస్.కోట వాసి ఆ ఆదివారం అరకు వెళ్తే అతనికి ఐదుకు ఐదు డిగ్రీలూ లాభమే.

భారత వాతావరణ శాఖ ఈ తేడాలను వడగాల్పుల నిర్వచనంలోనే పెట్టుకుంది. వడగాల్పు అనాలంటే మైదానంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలు ఉండాలి, తీర ప్రాంతంలో 37 చాలు, కొండ ప్రాంతంలో 30 చాలు. దాంతోపాటు ఆ అంకె మామూలు కంటే కనీసం నాలుగున్నర డిగ్రీలు ఎక్కువ ఉండాలి. కొండ మీద ముప్పై డిగ్రీలు మనకు సుఖంగా అనిపించవచ్చు, అక్కడ పుట్టి పెరిగినవాళ్లకు, అక్కడి పంటకు అది అలవాటు లేని వేడి. 2024 ఏప్రిల్ చివర్లో 2,240 మీటర్ల ఎత్తున్న ఊటీలో 29 డిగ్రీలు నమోదైతే పెద్ద వార్త అయింది అందుకే. విజయవాడలో ఎవరైనా ఏప్రిల్లో 29 అని చెబితే దండం పెడతారు.

కుండ చెప్పే సంగతి

మరి "ప్రాణం లేచొచ్చింది" అన్న పార్టీకి ఏం దక్కింది? దీనికి థర్మామీటర్ పక్కన పెట్టి నీళ్ల కుండను అడగాలి.

అనంతపురంలో, కర్నూలులో కుండలో నీళ్లు మే నెలలోనూ చల్లగా ఉంటాయి. అదే కుండ విశాఖలో పెడితే నీళ్లు ఓ మోస్తరుగానే చల్లబడతాయి. కుండ గోడల్లోంచి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. గాలిలో ముందే తేమ నిండి ఉంటే ఆవిరి కావడానికి చోటు తక్కువ. మన ఒళ్లు కూడా కుండే, ఊరేది చెమట. విశాఖలో చెమట ఆవిరి కాకుండా కారిపోతుంది. దాన్నే ఉక్కపోత అంటాం.

తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్‌కు గాలి తగిలితే అది ఎంతవరకు చల్లబడుతుందో ఆ అంకెను వెట్ బల్బ్ ఉష్ణోగ్రత అంటారు. కుండ ఎంతవరకు చల్లబడగలదో దాదాపు అదే. లెక్క వేసి చూడండి. విశాఖలో 35 డిగ్రీలు, 65 శాతం తేమ: వెట్ బల్బ్ 29 పైనే. రాయలసీమలో 42 డిగ్రీలు, 20 శాతం తేమ: వెట్ బల్బ్ 24. థర్మామీటర్ ఏడు డిగ్రీలు ఎక్కువ చూపిస్తున్న చోట చెమట బాగా పనిచేస్తోంది. (42లో నీళ్లు తాగకుండా తిరిగితే వడదెబ్బ తగలదని కాదు. ఆరిపోయిన చెమట కనబడదు కాబట్టి ఒంట్లో నీళ్లు ఎంత పోయాయో తెలియకపోవడం అక్కడి ప్రమాదం.) వెట్ బల్బ్ 35 దాటితే ఆరోగ్యవంతుడి ఒళ్లు కూడా తట్టుకోలేదని సిద్ధాంతం. తర్వాత మనుషులతో చేసిన ప్రయోగాల్లో ఆ హద్దు ఇంకా కిందే ఉందని తేలింది.

ఇప్పుడు అరకుకు వద్దాం. సముద్రపు తేమ చాలావరకు కింది గాలిలోనే ఉంటుంది, పైకి వెళ్లేకొద్దీ పలచబడుతుంది. లోయలో మరీ కాలని రోజు, 31 డిగ్రీలు, 50 శాతం తేమ అనుకుంటే వెట్ బల్బ్ 23 దగ్గర. విశాఖతో పోలిస్తే ఆరు డిగ్రీలు తక్కువ. చొక్కా ఆరుతుంది. ఒళ్లు జిగటగా ఉండదు. "గాలి తేలిగ్గా ఉంది" అని మనవాళ్లు అనేది ఇదే. థర్మామీటర్‌లో తేడా నాలుగే అయినా ఒంటికి తెలిసే తేడా ఎక్కువ.

దీనికి నీడ తోడైతే ఇంకా సుఖం. వాతావరణ శాఖ చెప్పే ఉష్ణోగ్రత ఎప్పుడూ నీడలో కొలిచిందే, ఎండలో నిలబడ్డ మనిషికి అది వర్తించదు. పైన గాలి పలచన కాబట్టి ఎండ ఇంకాస్త చురుక్కుమంటుంది. అతినీలలోహిత కిరణాలు వెయ్యి మీటర్లకు పది శాతం దాకా పెరుగుతాయి. చల్లగాలిలో అది తెలియదు, ఇంటికొచ్చాక మెడ వెనక మండుతుంటే తెలుస్తుంది. అదే అనంతగిరి కాఫీ తోటలో పది అడుగులు లోపలికి వెళ్తే లోకం మారిపోతుంది. నిటారుగా సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని పట్టుకుని మిరియాల తీగలు, కింద మోకాలి నుంచి భుజం ఎత్తు దాకా కాఫీ మొక్కలు. కాఫీ మొక్కకు నీడ కావాలి కాబట్టి పెంచిన చెట్లవి. ఆకులు ఎండను ఆపుతాయి, నీటిని ఆవిరి చేస్తూ కుండలా చల్లబరుస్తాయి. పడేది రోడ్డు పక్క తారు మీదా, తోటలోని ఎండుటాకుల మీదా ఒకే ఎండ. రెండు పార్టీల మధ్య గొడవ సగం ఇక్కడే తేలిపోతుంది: ఒకరు మ్యూజియం ముందు పార్కింగ్‌లో గంట గడిపారు, ఇంకొకరు కాఫీ చెట్ల కింద గడిపారు.

లంబసింగి చలి వేసవిలో ఎందుకు దొరకదు

ఆంధ్రా కశ్మీర్ అని పేరు విని మే నెలలో లంబసింగి వెళ్లి నిరాశపడేవాళ్లు చాలామంది. చింతపల్లి మండలంలోని ఈ ఊరి ఎత్తు సుమారు వెయ్యి మీటర్లు. ఎత్తు లెక్క ఒక్కటే అయితే డిసెంబరులో అక్కడ సున్నా దరిదాపులకు పడిపోవడానికి వీల్లేదు. ఆ చలి వేరే దారిలో వస్తుంది. చలికాలం రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే నేల తన వేడిని ఆకాశానికి వదిలేసుకుంటుంది. నేలకు ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కి, వాలు వెంబడి నీళ్లలా జారి పల్లంలో మడుగు కడుతుంది. అప్పుడు లోయ చల్లగా, పైనున్న వాలు వెచ్చగా ఉంటుంది. ఎత్తు లెక్క తలకిందులవుతుంది. పాడేరు దగ్గరి వంజంగిలో సూర్యోదయం వేళ కాళ్ల కింద కనబడే మేఘ సముద్రం కూడా ఈ తలకిందుల వ్యవహారమే.

వేసవిలో రాత్రి చిన్నది, గాలిలో తేమా మబ్బూ ఎక్కువ, నేల వేడి అంతగా తప్పించుకోలేదు. అయినా తెల్లవారుజామున కొండ మీద దుప్పటి కావాలనిపిస్తుంది. ఒక్క రోజు ప్రయాణంలో చిక్కంతా ఇక్కడే ఉంది. పొద్దున ఏడు లోపు విశాఖలో కిరండూల్ ప్యాసింజర్ ఎక్కి, పదుల కొద్దీ సొరంగాలు దాటి, 996 మీటర్ల ఎత్తున్న శిమిలిగుడ స్టేషన్ చూసి, అరకులో దిగేసరికి పదకొండు. కారులో వెళ్లినా పదిలోపు స్థిమితపడేవాళ్లు తక్కువ. అప్పటి నుంచి నాలుగింటి దాకా కొండ మీద ఉండి, చల్లబడే వేళకు దిగిపోతాం. కొండ ఇవ్వగలిగిన వాటిలో అతి వేడైన ఆరు గంటలు మనవి, మిగతా పద్దెనిమిదీ స్థానికులవి.

మధ్యాహ్నం మూడింటికి పడే ఉరుముల వాన ఈ లెక్కను అప్పుడప్పుడూ మార్చేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో లోయలో వేడెక్కిన గాలి కొండల మీదుగా లేచి మేఘం కడుతుంది, అరగంట కుండపోత, ఒక్కసారిగా గాలి చల్లబడుతుంది. అది దొరికినవాళ్లదే అదృష్టం. దాంతోపాటు పిడుగులూ వస్తాయన్నది మర్చిపోవడానికి వీల్లేదు.

వేసవి విడిదులు కట్టినవాళ్లు ఒక్క రోజు కోసం కట్టలేదు. కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ 1870 ప్రాంతంలో ఏనుగు మల్లమ్మ కొండ (ఇప్పటి హార్స్‌లీ హిల్స్) మీద బంగ్లా కట్టించుకున్నది వేసవి గడపడానికి. మద్రాసు ప్రభుత్వం ఫైళ్లూ గుమస్తాలతో సహా నెలల తరబడి ఊటీకి మకాం మార్చేది. వాళ్లకు కావలసింది చల్లటి రాత్రులు.

కొన్ని గంటల ఊరట లెక్కలోకి వస్తుందా

ఇందులో రెండు పార్టీల మాటల్లోనూ పస ఉంది. వేడి ఒంటి మీద పేరుకుంటుంది, రాత్రి నిద్రలో తీరుతుంది. రాత్రి ఉష్ణోగ్రత తగ్గకపోతే మర్నాటికి అప్పు మిగిలిపోతుంది. ఈ లెక్కన పగలు కొండ మీద తిరిగొచ్చి రాత్రి ఉక్కపోతలో పడుకుంటే పెద్దగా తీరింది లేదు. మరోవైపు, మండే రోజుల్లో రోజుకు రెండు మూడు గంటలు చల్లటి చోట గడిపినా ఒంటికి మేలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కొండ మీద ఐదారు గంటలు అంటే అంతకు రెట్టింపు. అయితే ఆ సూత్రం ప్రకారం జగదాంబ సెంటర్‌లో సినిమా హాలు కూడా హిల్ స్టేషనే.

రానూ పోనూ ఏడెనిమిది గంటలు కారు ఏసీలో గడిపినవాళ్లు తమకు దక్కిన చల్లదనంలో ఏసీ వాటా ఎంత, కొండ వాటా ఎంత అని ఎప్పుడైనా లెక్కేసుకున్నారో లేదో.

కొండ వైపు నుంచి చూస్తే ప్రశ్న ఇంకోలా ఉంటుంది. ఊటీ, కొడైకెనాల్‌లకు వెళ్లే వాహనాలకు మద్రాసు హైకోర్టు ఆదేశాలతో 2024 మే 7 నుంచి ఈ-పాస్ తప్పనిసరి అయింది. 2025 వేసవికి పరిమితి కూడా వచ్చింది: ఊటీ ఉన్న నీలగిరికి మామూలు రోజుల్లో 6,000 వాహనాలు, వారాంతాల్లో 8,000. కొడైకెనాల్‌కు 4,000, 6,000. తెలుగు రాష్ట్రాల నుంచి కారేసుకుని వెళ్లే కుటుంబాలకూ ఇది వర్తించింది. రోడ్లు, నీళ్లు, చెత్త, అడవి ఇంతకు మించి మోయలేవన్నది పరిమితి కోరేవాళ్ల వాదన. వేసవి రెండు నెలల సంపాదన మీదే ఏడాదంతా బతికే లాడ్జీలు, టీ కొట్లు, టాక్సీల వాళ్లది ఇంకో వాదన, వాళ్లు నిరసనకూ దిగారు. ఒక్క రోజుకు వచ్చిపోయేవాళ్ల విషయంలో ఈ రెండు వాదనలూ ఇంకా పదునెక్కుతాయి. వాళ్లు గది తీసుకోరు కాబట్టి ఊరికి మిగిల్చే డబ్బు తక్కువ, రోడ్డు మీద ఆక్రమించే చోటు మాత్రం అంతే. కానీ గది అద్దె భరించలేని కుటుంబానికి ఒక్క రోజు తప్ప వేరే దారి లేదన్నదీ నిజమే. అరకులో బొంగులో చికెన్ కాల్చే కుర్రాడికి వాళ్లే బేరం.

సాయంత్రం ఆరింటికి అనంతగిరి దగ్గర టీ తాగి, మిగిలిన నీళ్లు తాగేసి, ఖాళీ సీసాకు మూత బిగించి సీటు మీద పడేస్తాం. మలుపు మలుపుకీ కిందికి దిగుతుంటే చెవులు మళ్లీ దిబ్బడ వేస్తాయి. ఎస్.కోట పొలిమేరలో అద్దం దించితే వెచ్చటి గాలి ముఖానికి కొడుతుంది. వెనక నుంచి టప్పుమని చప్పుడు. చూస్తే ఎవరూ ముట్టుకోని ఆ సీసా రెండు పక్కలా సొట్టపోయి ఉంటుంది. లోపల ఉన్నది కొండ గాలి.